ప్యాషన్ ఫ్రూట్ తీగ: కొన్నేళ్ళు పెంచి, తిన్నాక నా మాట

ప్యాషన్ ఫ్రూట్ తీగని పందిరికెక్కించి, దాని పండ్లు తింటూ కొన్నేళ్ళు గడిచాయి. ఊదా రంగు పండు కాసేదీ, పసుపు పండు కాసేదీ రెండూ పెంచాను. రేటింగ్ అడిగితే తీగకి ఐదుకి నాలుగు, పండు రుచికి ఐదుకి ఐదు, ఆ పండు చుట్టూ జరిగే ఆరోగ్య ప్రచారానికి మాత్రం రెండున్నర.

ముందు తీగ సంగతి. వేళ్ళు నిలదొక్కుకునే దాకా ఉలుకూ పలుకూ ఉండదు. ఆ తర్వాత ఆపలేం. నులితీగలు స్ప్రింగుల్లా మెలితిరిగి అందినదాన్నల్లా పట్టేస్తాయి. పక్కనున్న చెట్టుని పట్టాయంటే ఊడదీయడానికి కత్తెర తప్ప గతి లేదు. సన్న కర్రలూ, ప్లాస్టిక్ తాళ్ళూ దీని బరువుకి చాలవు. మొదట్లోనే గట్టి స్తంభాలకి వైరు లాగి పందిరి వేయడం మంచిది. ఎండ బాగా తగలాలి. నీళ్ళు కావాలి గానీ కాండం మొదలు దగ్గర నిలవకూడదు. నీళ్ళు నిలిస్తే వేరుకుళ్ళు, కాండం మొదలు కుళ్ళడం వస్తాయి, నిన్నటిదాకా పచ్చగా ఉన్న తీగ ఒక్కసారిగా వాడిపోతుంది. పసుపు రకం వేడిని బాగా తట్టుకుంటుంది, ఊదా రకానికి కాస్త చల్లటి చోటు నచ్చుతుంది. వేళ్ళకొచ్చే ఫ్యుజేరియం ఎండు తెగులుని కూడా పసుపు రకం మెరుగ్గా తట్టుకుంటుంది కాబట్టే ఊదా రకాన్ని దాని వేరు మీద అంటు కడతారు.

ఎరువు విషయంలో అత్యుత్సాహం వద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు దట్టంగా వస్తుంది, పూత రాదు. పూలు కొత్త చిగుళ్ళ మీదే వస్తాయి గనక కాపు అయ్యాక కత్తిరించాల్సిందే. కత్తిరించకుండా వదిలేస్తే లోపలంతా ఎండు తీగల గుబురు తయారై, పూత అంచులకి జరిగిపోతుంది.

ఈ తీగలో నాకు అన్నిటికంటే నచ్చింది పువ్వు. చుట్టూ తెలుపూ ఊదా కలిసిన సన్నటి పోగుల వలయం, మధ్యలో లేచిన కాడ మీద పుప్పొడి ఉండే ఐదు కేసరాలు, వాటి పైన పుప్పొడిని అందుకునే మూడు కీలాగ్రాలు. పువ్వు విచ్చిన కొత్తలో ఆ మూడూ పైకి నిక్కి ఉంటాయి. దగ్గర కూర్చుని చూస్తే కాసేపటికి ఒక్కొక్కటే కిందికి వంగి పుప్పొడి ఉన్న ఎత్తుకి వస్తాయి. తేనె కోసం దూరిన తుమ్మెద వీపు వాటికి రాసుకోవాలి. కొన్ని పూలలో అవి వంగనే వంగవు, అలాంటివి పిందె కట్టవు. పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. ఊదా రకం తెల్లవారుతూనే విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, పసుపు రకం మధ్యాహ్నం విచ్చి రాత్రికి ముడుచుకుంటుంది. ఈ టైమింగ్ తెలియకపోతే పరపరాగ సంపర్కం చేద్దామని వెళ్ళేసరికి దుకాణం కట్టేసి ఉంటుంది.

ఇక్కడే నాకో ఫిర్యాదు ఉంది. పసుపు రకం తన పుప్పొడితో తను కాయ కట్టదు, వేరే మొక్క పుప్పొడి పడాలి. మొక్క అమ్మిన నర్సరీ వాళ్ళు ఈ ముక్క చెప్పలేదు. ఒకటి చాలు, పందిరంతా అల్లుకుంటుందన్నారు. అల్లుకుంది, పూసింది, రాలింది. రెండో మొక్క పెట్టి అది పూతకొచ్చాకే పిందెలు నిలిచాయి. ఊదా రకానికి మామూలుగా ఈ బాధ లేదు. స్థలం తక్కువుండి ఒక్కటే పెట్టేవాళ్ళకి అదే మేలు. తుమ్మెదలు రాని చోట చిన్న బ్రష్షుతో ఒక తీగ పుప్పొడి తీసి ఇంకో తీగ కీలాగ్రాలకి రాస్తే సరిపోతుంది. తేనెటీగలు వస్తాయి గానీ ఈ పువ్వుకి అవి మరీ చిన్నవి, చాలాసార్లు పుప్పొడి మోసుకుపోతాయి తప్ప పని జరగదు. వాన పడితే ఆ రోజు పూత మీద ఆశ వదులుకోవాలి, తడి తగిలిన పుప్పొడి పగిలిపోతుంది.

ఆకు తొడిమ మీద రెండు చిన్న బుడిపెలుంటాయి, వాటిలోంచి తేనె ఊరుతుంది. చీమలు అందుకే తిరుగుతుంటాయి. చీమలని చూసి మందు కొట్టక్కర్లేదు, ఆకు తినే పురుగుల్ని అవే కొంత అదుపులో పెడతాయి. ముళ్ళ గొంగళిపురుగులు మరీ ఎక్కువైతే చేత్తో ఏరేస్తాను.

పువ్వు నుంచి పండుకి సుమారు రెండు రెండున్నర నెలలు. పండితే తనే రాలుతుంది, ఏరుకోవడమే. నున్నగా మెరిసే పండు చూడ్డానికే బాగుంటుంది. రెండు మూడు రోజులుంచి తొక్క కాస్త ముడతలు పడ్డాక కోస్తే పులుపు తగ్గి తీపి తేలుతుంది. ముడతపడ్డ పండు పాడైపోయిందని పారేసేవాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉండాలి, తేలిగ్గా ఉంటే లోపల గుజ్జు ఉండదు. కోయగానే వచ్చే వాసనకే సగం డబ్బులు వచ్చేసినట్టు. నా ఓటు వాసనకి ఊదా రకం, రసానికి పసుపు రకం.

ఇక లాభాలు. వంద గ్రాముల ఊదా పండు గుజ్జులో గింజలతో కలిపి దాదాపు 10 గ్రాముల పీచు, 30 మిల్లీగ్రాముల విటమిన్ సి, సుమారు 350 మిల్లీగ్రాముల పొటాషియం, 1.6 మిల్లీగ్రాముల ఐరన్, 97 క్యాలరీలు ఉంటాయి. ఈ అంకెలు అందరూ చెప్తారు. ఒక పండులో గుజ్జు 18 గ్రాములే వస్తుందని మాత్రం చెప్పరు. అంటే వంద గ్రాములకి ఐదారు పండ్లు కోయాలి. ఒక్క పండుతో వచ్చే విటమిన్ సి ఐదారు మిల్లీగ్రాములు, పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది 75 నుంచి 90. కాబట్టి ఒక్క పండు తిని ఇమ్యూనిటీ పెరిగిపోయిందనుకోవడం అత్యాశ.

పీచు విషయంలో మాత్రం దీనికి మార్కులు వేయాలి. ఒక్క చిన్న పండుకి రెండు గ్రాములు దగ్గర దగ్గర వస్తుంది. సీజన్‌లో రోజూ రెండు మూడు తిన్నప్పుడు నాకు మలబద్ధకం ఇబ్బంది తగ్గిన మాట నిజం. అయితే ఆ పీచు చాలావరకు గింజల్లోనే ఉంది. జ్యూస్ తీసి వడకడితే వంద గ్రాములకి 0.2 గ్రాములు మిగులుతుంది. వడకట్టి, పులుపు విరగడానికి చక్కెర దండిగా పోసుకుని, ఆరోగ్యం కోసం తాగుతున్నానంటే నవ్వొస్తుంది. స్పూనుతో గింజలతో సహా కరకరా నమిలేయడమే సరైన పద్ధతి. గింజల్లో పైసియాటనాల్ అనే పదార్థం ఉంది, దాని మీద పరిశోధనలు జరుగుతున్నాయి. అవి ఎక్కువగా విడదీసిన సారంతో చేసినవి, పండు తినిపించి చేసినవి కావు.

నిద్ర పడుతుంది, టెన్షన్ తగ్గుతుంది అని చెప్పేది అసలు ఈ తీగ గురించి కాదు. అందుకు వాడే మూలిక పాసిఫ్లోరా ఇన్‌కార్నేటా, మనం తినే పండు పాసిఫ్లోరా ఎడ్యులిస్. రెండూ పాసిఫ్లోరాలే, కానీ జాతులు వేరు. ఆ మాట నమ్మి ఈ తీగ ఆకులు కోసి కషాయం పెట్టుకోకండి. ఆకుల్లో, పచ్చి కాయల్లో సయనైడ్‌ని విడుదల చేసే పదార్థాలుంటాయి. రబ్బరు పాల వల్ల, అంటే లేటెక్స్ వల్ల అలర్జీ వచ్చేవాళ్ళలో కొందరికి ఈ పండు కూడా పడదు. పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పిన కిడ్నీ రోగులు అడిగి తినాలి. పరగడుపున తింటే నాకైతే కడుపులో మంట, ఏదైనా తిన్నాక తీసుకుంటే ఏమీ లేదు.

మూడు నాలుగేళ్ళు దాటాక కాపు తగ్గడం మామూలే, ఇది వంశపారంపర్యంగా నిలిచే చెట్టు కాదు. అందుకే పాత తీగ కాస్తుండగానే ముదురు కొమ్మ ముక్కలు రెండు కుండీలో గుచ్చి ఉంచుతాను. పసుపు రకం పెంచేవాళ్ళకి ఒక జాగ్రత్త: ఆ ముక్క నుంచి వచ్చిన మొక్క తల్లి తీగకి జంటగా పనికిరాదు, జన్యువుల పరంగా రెండూ ఒకటే. జంట కోసం వేరే తీగ పండు గింజలు నాటుకోవాలి.