పది మిల్లీమీటర్ల మెత్తదనం: ఒక యోగా మ్యాట్‌తో నాలుగేళ్లు

2021 ఆగస్టులో ఈ పది మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్ కొన్న రెండు వారాలకే, మోకాళ్ల నొప్పులున్నవారికి ఇంతకంటే మంచిది దొరకదని రాశాను. ఆ మాటను పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు గానీ, నాలుగేళ్లు వాడిన తర్వాత దానికి చాలా షరతులు చేర్చవలసి వస్తోంది. పొడవు, వెడల్పు, చుట్టి కట్టుకునే పట్టీ వంటి వివరాలు అమ్మేవారే చెబుతారు కనుక వాటిని వదిలేస్తున్నాను. నా ఫిర్యాదంతా దాని మెత్తదనం మీదే.

దుకాణంలో బొటనవేలితో నొక్కి చూసి, పరుపు ఎంచుకున్నట్టే దీన్ని ఎంచుకున్నాను. వజ్రాసనంలో కూర్చున్నా, మోకాళ్ల మీద ఆనుకుని మార్జాలాసనం వేసినా టైల్స్ గట్టిదనం తెలియకపోవడంతో మురిసిపోయాను. నిలబడి చేసే ఆసనాల దగ్గరకు వచ్చేసరికి కథ మారింది. వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడితే పాదం ఫోమ్‌లోకి దిగి, చీలమండ అటూ ఇటూ ఊగేది. నలభై మూడేళ్ల వయసులో ఇక నిలకడ రాదు కాబోలని ఆరు నెలలపాటు నన్ను నేనే నిందించుకున్నాను. ఒకరోజు మ్యాట్ మరచిపోయి క్లాసుకు వెళ్లి, వట్టి నేల మీద అదే ఆసనంలో పది శ్వాసల సేపు కదలకుండా నిలబడగలిగాను. మా టీచరు గారు నవ్వి, "ఇన్నాళ్లూ మీరు పరుపు మీద నిలబడ్డారండీ" అన్నారు. పతంజలి ఆసనాన్ని 'స్థిరసుఖమ్' అన్నాడని మొదటి రోజే ఆవిడ చెప్పారు. నేను సుఖం ఒక్కటే కొని తెచ్చుకున్నాను.

అసలు దెబ్బ మరుసటి వేసవిలో తగిలింది. కాకినాడలో మే నెల ఉదయం ఆరింటికే ఫ్యాను కింద కూడా చెమట ఆరదు. ఈ రకం ఫోమ్ చెమటను పీల్చుకోదు, పైపొరగా నిలిపి ఉంచుతుంది. ఒక ఆదివారం అధోముఖ శ్వానాసనంలో నడుము పైకెత్తి బరువు చేతుల మీదకు తెచ్చుకుంటుండగా అరచేతులు రెండూ ఒక్కసారిగా ముందుకు జారాయి. గడ్డం నేలకు తగలకుండా కుడిచేతిని అడ్డం పెట్టబోయి మణికట్టు బెణికించుకున్నాను. మూడు వారాలు కట్టు కట్టుకుని తిరిగాను. స్కూటీ తాళం తిప్పడానికి కూడా పక్కింటి అబ్బాయిని పిలవవలసి వచ్చింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ రోజు యోగా అయ్యాక తలస్నానం చేద్దామని ముందే తలకు కొబ్బరి నూనె పట్టించి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని మ్యాట్ ఎక్కాను. క్లాసులో చేరిన రోజు రక్తపోటు ఉందా, గ్లాకోమా అనే కంటి జబ్బు ఉందా అని అడిగి, ఉంటే తల కిందకు వంచే ఆసనాలకు ముందు వైద్యుణ్ని సంప్రదించమన్నారు. నూనె సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. కాబట్టి నేరమంతా మ్యాట్‌దే అనలేను. అయినా మెత్తని ఫోమ్‌లో అరచేతి కింది భాగం కుంగినప్పుడు మణికట్టు మామూలుకంటే ఎక్కువగా వంగుతుందని, బరువును వేళ్ల మొదళ్లకు పంచకపోతే జారకపోయినా నొప్పి వస్తుందని తర్వాత నెమ్మదిగా తెలుసుకున్నాను.

కట్టు విప్పాక నన్ను ఆదుకున్నది అటక మీది జంపఖానా. మా పుట్టిల్లు వరంగల్; అది కొత్తవాడలో నేసిన నూలు జంపఖానా. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కూడా మా ఇంట్లో దాన్ని ఎవరూ కిందికి దించలేదు. నూలు చెమటను పీల్చుకుంటుంది, కాస్త తడి తగిలితే చేతికి మరింత పట్టు ఇస్తుంది. మైసూరులో అష్టాంగ పద్ధతి యోగా సాధకులు మ్యాట్ మీద నూలు తివాచీ పరుచుకునేది ఇందుకేనట. చలికాలంలో చేతులు పొడిగా ఉంటే ముందుగా రెండు చుక్కల నీళ్లు చిలకరించుకోవాలి. వట్టి టైల్స్ మీద జంపఖానాయే జారుతుంది కనుక అడుగున నాలుగు మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ వేస్తున్నాను. సూర్యనమస్కారాలు వేగంగా చేస్తే గుడ్డ ముడతలు పడుతుంది. ఉతికినప్పుడు పిండడానికి ఇద్దరు కావాలి. ఆ విసుగు నాకు ఇంకా పోలేదు.

చిన్న వయసువారు, ఏసీ గదిలో చేసేవారు, చేతులకు చెమట పట్టనివారు ఈ మందపు మ్యాట్‌తో నాలా ఇబ్బంది పడకపోవచ్చు. కూర్చుని, పడుకుని చేసే సాధన మాత్రమే అయితే మా అత్తగారి వయసువారికి నేను ఇప్పటికీ దీన్నే చెబుతాను. నిలబడే ఆసనాలు నేర్చుకోబోయేవారు మాత్రం పలచనిది కొని, మోకాళ్ల కింద మడతపెట్టిన తువ్వాలు వేసుకుంటే నయమని నా అనుభవం. నా మ్యాట్ అంచులు పెచ్చులు ఊడుతున్నా, శవాసనానికి ఇంకా దాన్నే పరుస్తున్నాను. తలకు నూనె పెట్టుకునే ఆదివారాలు ప్రాణాయామంతో సరిపెట్టుకుంటున్నాను.