పతకాలు కుట్టించుకోవడానికి బరంపురంలో ఒక మంచి దుకాణం

సైనికుల పతకాలకు కొత్త రిబ్బన్లు వేసి వరుసగా కుట్టిచ్చేవారు బరంపురంలో ఎవరైనా ఉన్నారా అని అడిగేవారి కోసం ఇది రాస్తున్నాను. ఉన్నారు. గేటు బజారు దగ్గరి సందులో, బోర్డు కూడా లేని చిన్న దర్జీ దుకాణం. గోపాల్‌పూర్‌లో సైన్యానికి గగనతల రక్షణ కళాశాల ఉంది కాబట్టి ఆ దర్జీ గారికి యూనిఫాం పనిలో చెయ్యి బాగా తిరిగింది. తెలుగు చక్కగా మాట్లాడతారు.

డిసెంబరు 16న, 1971 యుద్ధ విజయాన్ని తలుచుకునే విజయ్ దివస్ నాడు, మాజీ సైనికుల కుటుంబాలవాళ్లం కొందరం బరంపురం నుంచి గోపాల్‌పూర్ సముద్రతీరం దాకా నడుస్తాం. సుమారు 16 కిలోమీటర్ల దారి. యుద్ధంలో ప్రాణాలు వదిలినవారికి స్తూపాలున్నాయి. బతికి వచ్చి, పిల్లల్ని చదివించి, పింఛను కోసం బ్యాంకు వరుసల్లో నిలబడి, ముసలితనంలో కన్నుమూసినవారిని తలుచుకునేది ఎవరు? వారి కోసమే ఈ నడక. మా నాన్నగారు ఫిరంగిదళంలో హవల్దారు. 1971లో తూర్పు సరిహద్దున ఉన్నారు. పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, తొమ్మిదేళ్ల దీర్ఘ సేవా పతకం ఆయనవి. రిబ్బన్లు ముట్టుకుంటే పోగులు రాలుతున్నాయి.

దర్జీ గారు సంగ్రామ్ మెడల్‌ను అందుకుని దాని అంచును వెలుగుకు పెట్టి నెమ్మదిగా తిప్పారు. నల్లబడిన అంచు మీద నాన్నగారి సైనిక నంబరు, హోదా, పేరు ఒక్కొక్కటే కనిపించాయి. ఆ పేరు ఆయన పైకి చదివితే నాకు కళ్లు చెమర్చాయి. "చింతపండుతో రుద్దకండమ్మా, పాలిష్ అసలే వద్దు, అక్షరాలు అరిగిపోతాయి. మెత్తని పొడిబట్ట చాలు" అన్నారు. ఊదా కలిసిన గోధుమరంగు మీద మూడు తెల్లగీతల రిబ్బను వెతికి తీసి, పాతదాని పక్కన పెట్టి సరిచూశాకే కత్తెర పట్టారు. ఏ పతకం ముందో, ఏది తరువాతో నేను చెప్పనక్కర్లేకపోయింది.

సంపాదించినవారు ఎడమవైపు ధరిస్తారు. వారు పోయాక ఇంటివారు కుడివైపు ధరించాలి. ఇదీ ఆయనే చెప్పారు. నడకలో నేను వేసుకునే నేత రవికె నాలుగు పతకాల బరువుకు జారిపోతుందని లోపల కుడివైపున దళసరి కాన్వాసు ముక్క వేసి కుట్టారు. పతకాలను కూడా వేలాడనివ్వకుండా అట్టకు బిగించారు. గోపాల్‌పూర్ దాకా ఒక్కటీ ఊగలేదు, బట్ట సాగలేదు. నాలుగింటికీ కలిపి 450 రూపాయలు తీసుకున్నారు. ఆ శ్రద్ధకు అది చాలా తక్కువ.

లోపాలూ చెప్పాలి. వెనక బిగించిన పిన్ను నాసిరకం. సగం దారిలోనే వదులైంది. గట్టి పిన్ను మీరే కొని తీసుకెళ్లండి. రసీదు ఇవ్వరు. ఇల్లు మారినా, ఊరు మారినా నాన్నగారు దాచుకున్న వస్తువులవి, కాబట్టి ఇచ్చే ముందు ప్రతి పతకం అంచుకూ ఫోటో తీసుకోండి. ఈ రెండూ సరిచేసుకోమని ఆయనకూ చెప్పాను.

జనవరి 14న మాజీ సైనికుల దినోత్సవానికి కుట్టించుకోవాలనుకుంటే మొదటి వారంలోనే ఇవ్వండి. మన సైన్యానికి తొలి భారతీయ అధిపతి కరియప్ప గారు 1953లో పదవీ విరమణ చేసిన రోజది. సంక్రాంతి కూడా అప్పుడే కాబట్టి దుకాణంలో కొత్తబట్టల పని కుప్పలుగా ఉంటుంది.