ఆడ కుక్కపిల్లకు ఆపరేషన్: చేయిద్దామా, వద్దా?

హన్మకొండలో మా ఇంటికొచ్చిన ఆడ కుక్కపిల్లకు ఐదు నెలలు నిండాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలా, అలాగే వదిలేయాలా అని ఇంట్లో రోజూ ఇదే మాట.

వదిలేస్తే ఇప్పటికి కోత, మత్తుమందు టెన్షన్ ఉండదు. కానీ చాలావరకు ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మొదటిసారి ఎదకు వస్తుంది. ఆ తర్వాత ఏడాదికి సుమారు రెండుసార్లు, ఒక్కోసారి 3 వారాల దాకా. ఆ రోజుల్లో మా గల్లీలో గేటు ముందు ఐదారు మగ కుక్కలు రాత్రంతా కాపు కాస్తాయి. గేటు కాసేపు తెరిచి ఉంటే చాలు, దాదాపు 63 రోజులకు పిల్లలు. వాటికి ఇళ్లు ఎవరు వెతుకుతారు? అంతకంటే నా భయం గర్భసంచికి చీము పట్టడం. పక్కింటి అత్తమ్మ వాళ్ల ఎనిమిదేళ్ల కుక్క తిండి మానేసింది. గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతూ మూలన పడుకుంది. చివరికి ప్రాణం మీదికొచ్చాక అదే ఆపరేషన్.

ముందే చేయిస్తే ఆ బెడద దాదాపు ఉండదు. మొదటి ఎదకు ముందైతే రొమ్ము గడ్డల ముప్పూ బాగా తగ్గుతుందంటారు డాక్టర్లు. 10 నుంచి 14 రోజులు కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కోన్ పెట్టాలి. తర్వాత ఒళ్లు చేస్తుంది, అన్నం కొలిచి పెట్టాలి. కొన్నింటికి వయసు మీదపడ్డాక మూత్రం కారుతుంది. లాబ్రడార్ లాంటి పెద్ద జాతులకైతే కీళ్ల కోసం ఏడాది దాటేదాకా ఆగమనడమూ ఉంది.

మాది చిన్న ఒళ్లున్న నాటు పిల్ల. ఈ నెలలోనే చేయిస్తున్నాం.