పెట్రోల్ కారా, కరెంటు కారా: విజయనగరం రోడ్ల మీద లెక్క

కరెంటు కారు కొత్తదని మా వీధిలో అందరూ అనుకుంటారు. కానీ 1900 నాటికే అమెరికాలో అవి బాగా తిరిగేవి. 1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ పొందిన పెట్రోల్ బండికి గట్టి పోటీ ఇచ్చాయి. అప్పట్లో ఇంజిన్ స్టార్ట్ చేయాలంటే హ్యాండిల్ తిప్పాలి, అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. 1912లో క్యాడిలాక్ అనే అమెరికా కారుకు సెల్ఫ్ స్టార్టర్ వచ్చి ఆ బాధ తీరింది. అదీ కరెంటు మోటారే! దాంతో పెట్రోల్ కారు ముందుకెళ్లిపోయింది. 1991లో లిథియం అయాన్ బ్యాటరీ మార్కెట్లోకి వచ్చాకే కరెంటు కారుకు మళ్లీ దారి దొరికింది.

ఇంజిన్ కూడా మారింది. పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్ పోయి, కొలత ప్రకారం పెట్రోల్ చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, 2020 నుంచి పొగ కాలుష్యాన్ని కట్టడి చేసే బీఎస్ 6 నిబంధన అమల్లో ఉంది. అయినా పెట్రోల్ శక్తిలో సగానికి పైగా వేడిగానే పోతుంది. మోటారులో ఆ నష్టం చాలా తక్కువ. ఒడిశా వైపు నుంచి సాలూరు ఘాట్ దిగేటప్పుడు చూడండి, పెట్రోల్ కారు బ్రేకుల్లో వృథా అయ్యే శక్తిని కరెంటు కారు కొంత బ్యాటరీలోకి తిరిగి పంపుతుంది. నాకు బాగా నచ్చేది ఇదే.

కానీ 2018 తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో ప్లగ్ ఉండి రోజూ విశాఖ వెళ్లొచ్చేవాళ్లు కరెంటు కారు కొనుక్కోవచ్చు. అలా కరెంటు పోయే తీరంలో ఒకే బండి ఉన్న ఇంటికి మాత్రం ఇప్పటికి పెట్రోలే చెబుతాను.