బాంబెర్గ్‌లో డార్క్ బీర్: ఎక్కడ దిగాలి, ఏది ముందు తాగాలి

జర్మన్ డార్క్ బీర్ అనగానే అందరూ మ్యూనిక్ పేరే చెబుతారు. అక్కడి హోఫ్‌బ్రాయ్ డుంకెల్ (డుంకెల్ అంటే ముదురు రంగు బీరు) మంచిదే, అగుస్టీనర్ డుంకెల్ ఇంకా మంచిది. కాకపోతే పెద్ద హాళ్లలో లీటరు మగ్గుల వాడకం ఎక్కువ. డార్క్ బీర్ నిదానంగా తాగేది కాబట్టి మగ్గు సగమయ్యేసరికి అడుగున ఉన్నది వేడెక్కి, గ్యాస్ పోయి చప్పబడుతుంది. ఒకదానికీ ఇంకోదానికీ తేడా నాలుకకి తెలియాలంటే ఉత్తర బవేరియాలోని బాంబెర్గ్‌కి వెళ్లాలి. అక్కడ గ్లాసు అర లీటరు, ధర మ్యూనిక్ కంటే తక్కువ, బ్రూవరీలన్నీ నడిచి చేరుకునే దూరంలోనే ఉంటాయి. రెండు రాత్రులు చాలు.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2024 జనవరిలో లుఫ్తాన్సా నేరు విమానం మొదలుపెట్టింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వుర్జ్‌బుర్గ్‌లో రైలు మారి బాంబెర్గ్ చేరడానికి సుమారు మూడు గంటలు. న్యూరెంబర్గ్ నుంచైతే ప్రాంతీయ రైల్లో గంట లోపే. నలుగురైదుగురు కలిసి వెళ్తే బవేరియా ప్రాంతీయ రైళ్లలో రోజంతా తిరిగే బయర్న్ టికెట్ ఒక్కటి తీసుకుంటే సరిపోతుంది, కానీ మూడు విషయాలు గుర్తుండాలి. పనిరోజుల్లో అది ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది. ఐసీఈ అనే వేగపు రైళ్లలో అసలు చెల్లదు. టికెట్ మీద ప్రయాణికుల పేర్లు రాయాలి. ఫ్రాంక్‌ఫర్ట్ బవేరియాలో లేదు కనుక అక్కడి నుంచి దీన్ని వాడడం కుదరదు.

బస విషయంలో నా ఓటు ఓబెరె కోనిగ్‌స్ట్రాసె వీధికే. స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. 1536 నాటి ష్పెట్సియాల్, 1649 నాటి ఫెస్‌లా ఎదురెదురుగా ఉంటాయి, రెండు బ్రూవరీలూ గదులు అద్దెకిస్తాయి. గదులు సాదాగా ఉంటాయి, హోటల్ హంగులు ఆశించకూడదు. ఇరవై నాలుగు గంటల రిసెప్షన్ ఉంటుందనుకుని రాత్రి పొద్దుపోయాక దిగితే తలుపు తీసేవారు ఉండకపోవచ్చు. వచ్చే సమయం ముందే రాసి, తాళం ఎక్కడ ఇస్తారో కనుక్కోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే లిఫ్ట్ ఉందో లేదో కూడా అడగండి. వారాంతాల్లో ఇలాంటి చోట్ల పని గంటలు తగ్గిస్తారు, అందుకే ఆదివారం సాయంత్రం దిగేలా ప్లాన్ వేయకపోవడం మంచిది. తలుపు తీయగానే రాతి చప్టా, దాని మీదుగా తోసుకెళ్లే పీపాలు, ఉడికే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి వాసన. ఏ చైన్ హోటల్లోనూ ఇది దొరకదు.

ఇక తాగే వరుస. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఊళ్లో అడుగుపెట్టగానే నేరుగా ష్లెంకెర్లా బ్రూవరీకి పోయి పొగ బీరు (పొగపట్టిన మాల్ట్‌తో చేసేది, జర్మన్‌లో రౌఖ్‌బియర్) తాగుతారు, ఆ తర్వాత ఏది తాగినా పొగే తెలుస్తుంది. పొగ లేనిది ముందు, పొగది వెనక. మొదట ఫెస్‌లాలో ట్స్వెర్గ్‌లా తీసుకోండి: ఆల్కహాల్ 6 శాతం, ముదురు గోధుమ రంగు, కాల్చిన బ్రెడ్ అంచు రుచి, వెనక కాస్త కారమెల్. తర్వాత వీధి దాటి ష్పెట్సియాల్‌లో రౌఖ్‌బియర్ లాగర్. రాగి రంగులో ఉంటుంది, పొగ పలచగా తగులుతుంది. ఆ తర్వాతే, పది పదిహేను నిమిషాలు నడిచి డొమినికానర్‌స్ట్రాసెలోని ష్లెంకెర్లా.

ష్లెంకెర్లాలో ముఖ్యమైన పొగ బీరు మెర్ట్సెన్, 5.1 శాతం. నల్లటి రంగు చూసి ఘాటు ఎక్కువని భయపడేవారికి ఈ అంకె చూపించాలి, కోస్ట్రిట్సర్ అనే జర్మన్ నల్ల బీరైతే 4.8 శాతమే. రంగు మాల్ట్‌ని ఎంత వేడిలో ఆరబెట్టారు, ఎంత వేయించారు అన్నదాన్నిబట్టి వస్తుంది. ఆల్కహాల్ లెక్క వేరు. ఇక్కడ మొలకెత్తిన బార్లీని బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు. కట్టె కాలినప్పుడు వచ్చే గ్వాయకాల్ వంటి పదార్థాలు గింజకు పడతాయి. పొగపట్టిన మాంసంలో ఉండేవీ అవే, అందుకే మొదటి గుక్కలో హామ్ వాసన కొడుతుంది. ఒకప్పుడు చాలా చోట్ల మాల్ట్ మంట మీదే ఆరేది, పొగ తగలని మాల్ట్ తర్వాతే మామూలైంది. సొంతంగా మాల్ట్‌కి పొగపట్టే పని బాంబెర్గ్‌లో ష్లెంకెర్లా, ష్పెట్సియాల్ ఇప్పటికీ వదల్లేదు.

మొదటి గుక్కకే తీర్పు చెప్పొద్దు. అర లీటరు పూర్తయ్యేసరికి ముక్కు పొగకి అలవాటుపడి, కింద దాగిన మాల్ట్ తీపి, చివర్లో పొడిగా మిగిలే చేదు బయటపడతాయి. చెక్క పీపాలోంచి పోసేది అడగండి. గ్యాస్ తక్కువ, నురగ మెత్తన. అదే చోట హెల్లెస్ అనే లేత రంగు బీరు కూడా ఒక గ్లాసు తీసుకోండి. దాంట్లో పొగ మాల్ట్ వెయ్యరు, అయినా పాత్రల నుంచీ ఈస్ట్ నుంచీ సన్నని పొగ వాసన అందులోకి చేరుతుంది. అక్టోబర్ నుంచి దొరికే ఊర్‌బాక్ 6.5 శాతం, డిసెంబర్‌లో వచ్చే, ఓక్ కట్టె పొగపట్టిన మాల్ట్‌తో చేసే డాపెల్‌బాక్ 8 శాతం. ఇవి రోజులో చివరి గ్లాసుగానే బాగుంటాయి.

బల్లల దగ్గర ఎవరితోనైనా కలిసి కూర్చోవచ్చు, ముందు అడిగితే చాలు. 'స్టమ్‌టిష్' బోర్డున్న బల్ల మాత్రం రోజూ వచ్చేవారిది. సర్వర్లు గ్లాసుల లెక్క అట్ట మీద గీతలు గీసి ఉంచుతారు, ఆ అట్ట పారేయొద్దు. నగదు దగ్గర ఉంచుకోండి. తిండిలో షాయ్‌ఫెర్లా అనే పంది భుజం మాంసం, మాంసం కూరిన ఉల్లిపాయ ప్రసిద్ధి. శాకాహారులు జాగ్రత్త: బంగాళాదుంప ఉండలు కనిపించాయని అడిగితే మాంసం రసం పోసి తెస్తారు. ఒబాట్స్‌డా అనే జున్ను ముద్ద, జున్ను కలిపిన నూడుల్స్ లాంటి కేజ్‌ష్పేట్స్లె నమ్మకమైనవి. వేసవిలో గుట్ట మీది ష్పెట్సియాల్ కెల్లర్‌కి (ఆరుబయట బల్లలు వేసే బీర్ తోట) సాయంత్రం ముందే ఎక్కితే ఊరంతా కనిపించే బల్ల దొరుకుతుంది.

మూడో రోజు మిగిలితే కుల్మ్‌బాఖ్ వెళ్లొచ్చు. మోన్ష్‌హోఫ్‌లోని బ్రూవరీ మ్యూజియం బాగుంది, ఊరు మాత్రం సాదా.

ఇంటికి సీసాలు తెచ్చుకునేవారికి: మన కస్టమ్స్‌లో మద్యం రెండు లీటర్ల దాకే సుంకం లేకుండా వదులుతారు, అంటే నాలుగు అర లీటరు సీసాలు. చెక్-ఇన్ సామాన్లో, ఒక్కో సీసాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి బట్టల మధ్య నిలువుగా సర్దాలి. కొనేముందు సీసా మీది గడువు తేదీ చూడండి. ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఎండాకాలం బయట ఉంటే ఆక్సిజన్ పనిచేసి తడి అట్ట వాసన పుడుతుంది. తాగే ముందు అరగంట బయట పెడితే 8–10 డిగ్రీలకు వస్తుంది, ఐసులా ఉంటే పొగ తప్ప ఏమీ తెలియదు. గ్లాసులో నూనె జిడ్డు గానీ సబ్బు గానీ మిగిలితే నురగ నిలవదు. చల్లటి నీళ్లతో కడిగి, తుడవకుండా, ఏటవాలుగా పట్టుకుని ముప్పావు వంతు పోసి, మిగతాది నిలువుగా పోయండి.