మూడేళ్లుగా నా చేతి కెమెరా, నా నైట్ డ్యూటీలు

అరచేతిలో ఇమిడే గింబల్ కెమెరా (చెయ్యి కదిలినా లెన్స్‌ని నిలకడగా పట్టే మోటారు కీళ్లున్నది) కొని మూడేళ్లు దాటింది. నేను స్టాఫ్ నర్సుని. 12 గంటల షిఫ్టులు, నెలలో సగం నైట్లు. వీలు చిక్కినప్పుడల్లా వ్లాగులు చేస్తాను. నడక, చదువుతున్న పుస్తకాలు, ఆఫ్ రోజు ఎలా గడిచిందో, అవే నా వీడియోలు. ఇలాంటి కెమెరాల గురించి రాసేవాళ్లు రంగులు, స్లో మోషన్ గురించి బోలెడు చెబుతారు. నేను మాత్రం ఒక్కటే చూస్తాను, ఇది నా నిద్రకి ఎంత గండి కొడుతోందని.

అలా చూడటం ఊరికే అలవాటవలేదు. కొన్న కొత్తలో నైట్ దిగి ఇంటికొచ్చి, స్నానం చేసి నేరుగా ఎడిటింగ్‌కి కూర్చునేదాన్ని. ఓ రోజు అలా మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రాత్రికి మళ్లీ డ్యూటీ. ఒక పేషెంటుకి ఇన్సులిన్ ఇవ్వాలి. చార్టులో 4 యూనిట్లు ఉంటే సిరంజిలో 14 తీశాను. మా వార్డులో ఇన్సులిన్‌ని ఇద్దరం సరిచూసుకున్నాకే ఇస్తాం. తోటి సిస్టర్ సిరంజిని వెలుతురుకి ఎత్తి చూసి, "ఇది 14 ఉందక్కా, చార్టు ఇంకోసారి చూడు" అంది. అంతే, అక్కడితో ఆగిపోయింది. పేషెంటుకి ఏమీ కాలేదు. కానీ ఆ సన్నటి నల్ల గీతలు, నాలుగు దగ్గర ఆగాల్సిన పిస్టన్ అంత కిందికి రావడం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. నిద్రపోతున్న మనిషికి షుగర్ పడిపోతే ఏమవుతుందో నాకు తెలియంది కాదు.

తర్వాత చదివాను. 17 గంటలు ఏకబిగిన మేలుకుంటే మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నప్పటి స్థాయికి దిగిపోతుందని 1997లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. నైట్ డ్యూటీ 12 గంటలు, దానిమీద ఎడిటింగ్ 5 గంటలు కలిపితేనే 17. డ్యూటీకి ముందు మేలుకుని ఉన్న సమయం, రాకపోకలు ఇందులో కలపనే లేదు. ఆ వారమే నైట్ దిగిన రోజు ల్యాప్‌టాప్ తెరవకూడదని నిర్ణయించుకున్నాను.

ఇక కెమెరా సంగతి. వెలుతురుని పట్టే పెద్ద సెన్సార్, మూడు దిశల్లోనూ కుదుపుని సరిచేసే గింబల్. నడుస్తూ తీసినా బొమ్మ ఊగదు కాబట్టి తీసిందే మళ్లీ తీయాల్సిన పని చాలా తగ్గింది. నాకు దీనివల్ల కలిగిన అసలు లాభం ఇదే. సాయంత్రం మసక వెలుతురులో కూడా మొహం బాగానే వస్తుంది. మొదట్లో అన్నీ 4కేలో తీసేదాన్ని. సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున గంటకి దాదాపు 45 జీబీ. కార్డు నుంచి కాపీ చేయడం, ఎడిట్ చేశాక ఎక్స్‌పోర్ట్ అయ్యేదాకా కాచుక్కూర్చోవడం, ఇవన్నీ నిద్రలోంచే పోయేవి. అంతకంటే తక్కువ స్పష్టత, చిన్న ఫైళ్లు ఉండే 1080కి మారి రెండేళ్లయింది. నా వీడియోలు చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో చూస్తారు. బొమ్మ తగ్గిందని ఒక్కరూ అనలేదు.

కాలర్ మైక్‌ మాత్రం నన్ను బాగా భయపెట్టింది. గొంతు ఎంత స్పష్టంగా వస్తుందో, చుట్టుపక్కల మాటలూ అంత స్పష్టంగా పడతాయి. ఒకసారి డ్యూటీ అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డ్ చేశాను. గదిలో నేనొక్కదాన్నే. ఇంటికొచ్చి ఫోన్‌లోకి ఎక్కించుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, నా మాటల వెనక గోడ అవతలి నుంచి హ్యాండోవర్ (డ్యూటీ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి పేషెంట్ల సంగతి అప్పజెప్పడం) వినిపిస్తోంది. పేషెంటు పేరు, వయసు, బెడ్ నంబరు, ఏ మందు ఆపారో అన్నీ. నాయిస్ రిడక్షన్ పెడితే తగ్గిందే తప్ప పోలేదు. మొత్తం డిలీట్ చేశాను. తీరా చూస్తే ఫోన్ దాన్ని అప్పటికే క్లౌడ్‌లోకి ఎక్కించేసింది. అక్కడా తీసేసి, ట్రాష్ ఖాళీ చేసి, ఆటో బ్యాకప్ ఆపేశాను. ఆ తర్వాత కెమెరా ఆసుపత్రి గేటు దాటి లోపలికి రాలేదు. అయినా వార్డులో దానికి చోటు లేదు. గింబల్ కీళ్ల సందుల్ని క్రిమిసంహారకంతో సరిగ్గా తుడవడం కుదరదు, దాన్ని ముట్టుకున్న చేత్తో పేషెంటుని ముట్టుకోలేం.

"ఆసుపత్రి కథలు చెప్పండక్కా" అని చాలామంది అడుగుతారు. పేరు మార్చి చెబితే సరిపోతుందని ఒకప్పుడు నేనూ అనుకునేదాన్ని. పేషెంట్ల వివరాలు గోప్యంగా ఉంచాలనే అమెరికాలోని హిపా చట్టం కింద మనిషిని గుర్తుపట్టించే వివరాలు 18 రకాలుగా లెక్కపెట్టారు. ఆ జాబితాలో పేరు, ఫొటోలతో పాటు తేదీలు కూడా ఉన్నాయి. చదివినప్పుడు గుండె గతుక్కుమంది. "నిన్న రాత్రి ఒక కేసు వచ్చింది" అని నేనంటే చాలు, ఆ ఇంటివాళ్లు తమ మనిషేనని పోల్చుకుంటారు. వాళ్లు నా దగ్గరికి వచ్చింది నా వీడియోలో కనబడటానికి కాదు కదా. అందుకే వార్డు కబుర్లు చెప్పడం పూర్తిగా మానేశాను. చేతులు ఎలా కడుక్కోవాలి, నైట్ డ్యూటీ వారంలో నిద్ర ఎలా సర్దుకుంటాను, వీటి గురించి చెబుతాను. చానెల్ ఉన్న సంగతి మా ఇన్‌చార్జి సిస్టర్‌కి ముందే రాతపూర్వకంగా చెప్పాను. ఆవిడ ఒక వీడియో చూసి, నా వెనక హ్యాంగర్‌కి వేలాడుతున్న ఐడీ కార్డు చూపించారు. నేనది గమనించనే లేదు.

ఇప్పుడు రెండు వారాలకో వీడియో, అదీ ఆఫ్ రోజునే ఎడిటింగ్. చానెల్ నెమ్మదించిన మాట నిజం. ప్రకటనల ఆదాయానికి యూట్యూబ్ అడిగే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4000 గంటల వీక్షణ చేరడానికి నాకు రెండేళ్ల పైనే పట్టింది. తొందరపడి ఉంటే ఇంకా ముందే వచ్చేదేమో. దానికోసం నిద్ర పోగొట్టుకుని మళ్లీ ఆ మందుల ట్రాలీ ముందు నిలబడలేను.

మూడేళ్లలో బ్యాటరీ బాగా తగ్గింది. మొదట ఒక రోజు చిత్రీకరణ మొత్తం లాగేది, ఇప్పుడు సగానికే చార్జర్ వెతుక్కోవాలి. లోపలే బిగించి ఉండటంతో నేనే మార్చుకోవడానికి లేదు. గింబల్ మాత్రం కొన్న రోజున ఎలా ఉందో అలాగే పనిచేస్తోంది. మళ్లీ కొనాల్సి వస్తే ఈ తరహాదే కొంటాను, బ్యాటరీ విడిగా ఊడదీసి మార్చుకునేది దొరుకుతుందేమో చూసి.