వేపనూనె 1500 పీపీఎం: నా బోన్సాయ్ బతికింది, ఇల్లు మాత్రం కంపు కొట్టింది

నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు తగ్గిందో ముందే చెప్పేస్తా: వాసన. మందు కొట్టిన రోజు హాలంతా వేపపిండి గోడౌన్‌లా తయారైంది. మా అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "ఆ చెట్టు ఉంటుందో నేనుంటానో తేల్చుకోమ్మా" అన్నారు, సగం నవ్వుతూ, సగం నిజంగానే.

సంగతేంటంటే, మా హాల్లో కిటికీ పక్కన ఒక ఫైకస్ బోన్సాయ్ ఉంది. మర్రి జాతిదే, వేళ్లు అల్లం కొమ్ముల్లా లావుగా మట్టి పైకి తేలి ఉంటాయి చూడండి, అది. మూడేళ్లుగా పెంచుతున్నా. పోయిన డిసెంబరులో దాని కింద టీపాయ్ మీద చెయ్యి పెడితే జిగురు జిగురుగా తగలడం మొదలైంది. మావాడు జ్యూస్ ఒలకబోస్తున్నాడనుకుని రోజూ తుడిచి, రోజూ వాడిని తిట్టాను. ఒకరోజు పొద్దున చూస్తే చీమలు బారులు కట్టి గోడ మీంచి కుండీలోకి, అక్కణ్నుంచి కొమ్మల మీదికి ఎక్కుతున్నాయి. ఆకు తిరగేసి చూశాను. ఈనె పక్కన, ఆకు కాడ కొమ్మకు అతుక్కునే సందుల్లో, దూది నలిపి కుక్కినట్టు తెల్లగా ఉంది. పిండినల్లి! మా ఊళ్లో మందారాలకీ జామకీ పట్టేది ఇదే, కానీ పన్నెండో అంతస్తులో నా టీపాయ్ దాకా వస్తుందని ఎవరనుకుంటారు. అది రసం పీల్చి బంక కారుస్తుంది, ఆ తీపి కోసం చీమలు చేరతాయి, అలాగే వదిలేస్తే ఆ బంక మీద నల్లగా మసి పడుతుంది. మావాడి తప్పేం లేదన్నమాట.

ముందు ఆన్‌లైన్‌లో "అన్ని పురుగులకూ ఒకటే" అన్న స్ప్రే ఒకటి తెప్పించా, పేరు అనవసరం. సీసా మీద ఆకు బొమ్మ, సీతాకోకచిలుక బొమ్మ ఉన్నాయి గానీ లోపల ఏముందో ఒక్క ముక్క లేదు. పది రోజులు కొట్టాను. పురుగులకి తలంటి పోసినట్టయింది, అంతే.

అప్పుడు ఇక లాభం లేదని సెలవుకి ఊరెళ్లినప్పుడు ఎరువులు, పురుగుమందులు అమ్మే కొట్టుకి పోయాను.

"ఎన్ని ఎకరాలమ్మా?" అన్నాడాయన.

"ఎకరాలు కాదండీ, ఒక్క చెట్టు."

"మామిడా?"

"అడుగు ఎత్తుంటుందండీ."

నన్నూ, ఫోన్‌లో ఫోటోనీ మార్చి మార్చి చూసి, ఏమీ అనకుండా 250 మి.లీ. వేపనూనె సీసా తీసి బల్ల మీద పెట్టాడు. 190 రూపాయలు. పక్కనున్న ఇమిడాక్లోప్రిడ్ అనే రసాయన పురుగుమందు గురించి నేనే అడిగితే, "అది చేలో కొట్టేది, పిల్లలున్న ఇంట్లో హాల్లో పెట్టుకునే మొక్కకి ఎందుకమ్మా" అన్నాడు. అమ్ముకునే మనిషే వద్దన్నాక నేనింకేం అడుగుతాను.

కొనేటప్పుడు సీసా మీద అంకె చూసుకోండి. వేపనూనె అని రాసి ఉన్నవన్నీ ఒకటి కాదు. వేపలో పురుగుల మీద పనిచేసే అజాడిరాక్టిన్ అనే పదార్థం ఎంతుందో చెప్పేదే ఆ పీపీఎం, 300 ఉంటుంది, 1500 ఉంటుంది, 10000 కూడా ఉంటుంది, దాన్నిబట్టే ఎంత కలపాలన్నది మారుతుంది. నా 1500 సీసాకి లీటరు నీళ్లకి 5 మి.లీ. ఇంకోటి, కొన్నది మందో, ఉత్త నూనో తేల్చుకోవడానికి గ్లాసుడు నీళ్లలో నాలుగు చుక్కలు వేసి తిప్పండి. పాలలా తెల్లబడితే నీళ్లలో కలిసేలా తయారుచేసిందే, నేరుగా వాడొచ్చు. పప్పుచారు మీద తాలింపు నూనెలా పైన తేలితే మాత్రం అందులో కొంచెం లిక్విడ్ సబ్బు కలపాలి. కుంకుడు రసం పోయమన్నారు మా అత్తయ్య, అదీ పనిచేస్తుంది. నాది పాలలాగే కలిసింది, అక్కడ ఫుల్ మార్కులు.

కానీ అసలు పని నూనె ఒక్కటే చెయ్యలేదు, ఇది రాయకపోతే రివ్యూ అబద్ధం అవుతుంది. ముందు మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి, కనబడ్డ ప్రతి పిండినల్లినీ ఒక్కొక్కటిగా అద్దాను. అద్దగానే పైనున్న తెల్ల మైనం కరిగిపోయి లోపల లేత గులాబీ రంగు ఒళ్లు బయటపడుతుంది, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ భలే తృప్తి. దాదాపు గంట పట్టింది. ఆ తర్వాత కుండీ మట్టిని పాలిథీన్ కవరుతో కప్పి, చెట్టుని బాల్కనీలో పెట్టి, ఎండ పోయాక ఆకుల అడుగున తడిసేదాకా వేపనూనె కొట్టాను. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. కలిపిన నీళ్లు మర్నాటికి దాచుకోవద్దు, పస తగ్గిపోతుంది. ఇంట్లో చేపల తొట్టి ఉంటే ఆ దరిదాపుల్లో కొట్టకండి.

ఇక రిజల్ట్. కొట్టిన మర్నాడు పురుగులు చచ్చి రాలతాయనుకుంటే నిరాశే. ఇది తిండి మాన్పించి, పిల్ల పురుగులు కుబుసం విడవకుండా ఆపే మందు, అక్కడికక్కడే చంపేది కాదు. గుడ్లనైతే పెద్దగా ఏమీ చెయ్యదు, అందుకే వారానికోసారి చొప్పున నాలుగు వారాలు కొట్టాను. రెండో వారం ఇంకా కనిపించాయి, టెన్షన్ పడ్డాను. మూడో వారానికి చీమలు రావడం మానేశాయి, పురుగుల కోసం ఆకులు వెతకడం కన్నా చీమల్ని చూస్తే తొందరగా తెలుస్తుంది. ఫిబ్రవరిలో కొత్త చిగుళ్లు వచ్చాయి. మధ్యలో ఓ ఇరవై ఆకులు రాలాయి గానీ, ఫైకస్‌ని హాల్లోంచి బాల్కనీకి మార్చినా అలిగి ఆకులు రాలుస్తుంది కాబట్టి ఆ నేరం నూనె మీద వెయ్యను.

నా తెలివితక్కువ పని కూడా ఒకటుంది. పిండినల్లి చూసిన భయంలో కొమ్మల మీద లేత గోధుమరంగు బుడిపెలు కనిపించగానే పొలుసు పురుగు కూడా పట్టిందనుకుని గోటితో బరబరా గీకేశాను. పాలు కారాయి. అవి పురుగులు కావు, చెట్టు గాలి పీల్చుకునే రంధ్రాలు! కొమ్మంతా పరుచుకుని ఉంటాయి, గీకితే ఊడవు, బెరడు చిరుగుతుంది. పొలుసు పురుగైతే గోటితో మెల్లగా నెట్టినా పెంకులా ఊడొస్తుంది, ఎక్కువగా ఆకు ఈనె వెంటా కొమ్మ వెంటా గుంపుగా ఉంటుంది. ఆ మచ్చలు ఇప్పటికీ నా చెట్టు మీద ఉన్నాయి.

డాలస్‌లో మా చెల్లికి వచ్చిన తంటా వేరు. చలికాలం ఇంట్లో హీటర్ గాలికి దాని చెట్టు ఆకులు పాలిపోయి సన్నటి చుక్కలు పడ్డాయి, దుమ్మనుకుంది. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టమన్నాను. రాలిన నలుసులు నడవడం మొదలుపెట్టాయి. ఎర్రనల్లి, సాలీడు జాతికి చెందిన నలుసంత పురుగు. దానికి ముందు చెట్టుని షవర్ కింద పెట్టి ఆకుల అడుగు బాగా కడిగించాను, ఆ తర్వాతే నూనె. ఇమిడాక్లోప్రిడ్ లాంటిది కొట్టి ఉంటే ఎర్రనల్లికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

సీసా మీద చిన్న కంప్లయింట్: మూత సరిగ్గా బిగుసుకోదు, చెప్పుల స్టాండులో పెడితే చెప్పులకి అంటింది. నాలుగు సార్లు అరలీటరు చొప్పున కొడితే ఖర్చయింది మొత్తం 10 మి.లీ. కారింది పోగా మిగిలిందంతా గడువు తేదీలోగా నా ఒక్క చెట్టుకి అయ్యే పని కాదు, మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి మొక్కకైనా పిండినల్లి పడితే చిన్న సీసా తెచ్చుకోండి, పోసిస్తా.